గడప దాకా ఊపిరి

వెంకటమునిని ఐసీయూ నుంచి స్ట్రెచర్ మీద కిందికి దించినప్పుడు, అతని కాళ్ళ దగ్గర ఒక కవరు పెట్టి ఇచ్చారు. స్టెల్లా ఆ కవరు విప్పింది. మొదటి కాగితం పైన ఎర్ర సిరాతో రాసిన నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చూసింది. మళ్ళీ మూసి సీటు కింద పెట్టింది. ఆ నాలుగక్షరాలు కనిపిస్తే లోపల ఏముందో చదవకపోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఎల్, ఏ, ఎం, ఏ. ఆస్పత్రుల్లో అందరూ దాన్ని లామా అంటారు. డాక్టర్లు వద్దంటున్నా వినకుండా బంధువులే రోగిని తీసుకుపోతున్నారని దాని అర్థం. కాని ఆ మాట ప్రతి కాగితం మీదా ఉంటుంది. డాక్టరే పక్కకు పిలిచి, ఇంక లాభం లేదు, ఊపిరుండగానే ఇంటికి చేర్చుకోండి అని చెప్పినా, కాగితం మీద మాత్రం లామా అనే రాస్తారు. రేపు ఎవరైనా అడిగితే ఆస్పత్రి మీదికి రాకూడదు గదా. అందరి కాగితాల మీదా ఒకటే మాట ఉంటే ఆ మాటను ఎవరూ పట్టించుకోరు.

స్టెల్లాది పుత్తూరు పక్కన పల్లె. తిరుపతిలో యోగానంద అనే ఆయన నడిపే ప్రైవేటు అంబులెన్సుల్లో తొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. రోగి పక్కన కూర్చుని నాడి చూసే పని, ఆక్సిజన్ పెట్టే పని, దారి పొడుగునా అతని సంగతి కాగితం మీద రాసే పని ఆమెవి. ఆ కాగితంలో గళ్ళు బొటనవేలి గోరంత ఉంటాయి. అందులో మనిషి గురించి మాటలు పట్టవు, అక్షరాలే పడతాయి. అందుకే ట్రైనింగులో వాళ్ళ సారు ఆ అక్షరాలను ఎక్కాల మాదిరి వల్లె వేయించాడు.

ఇలాంటి ప్రయాణాన్ని వాళ్ళు ఇంటికి చేర్చే ట్రిప్పు అంటారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మనిషి ఇంట్లో చనిపోతే ఒక లెక్క, బయట చనిపోతే ఇంకో లెక్క. ఊరి పొలిమేర బయట ప్రాణం పోతే శవాన్ని ఊళ్ళోకి రానివ్వరు. పొలాల మీదుగా నేరుగా కాటికే. అందుకని గొంతులో వేసిన గొట్టాన్ని తీయకుండా, దానికి రబ్బరు సంచి తగిలించి, ఐదు లెక్కపెట్టి ఒకసారి చొప్పున చేత్తో నొక్కుకుంటూ ఇంటి దాకా తీసుకుపోతారు. గడప దాటించి పడుకోబెట్టాక గొట్టం తీసేస్తారు. ఐదు నిమిషాలో పది నిమిషాలో. మనిషి ఇంట్లో పోయినట్టవుతుంది. దారి మధ్యలోనే నాడి ఆగిపోయిన వాళ్ళు కూడా ఉన్నారు. ఆ సంగతి స్టెల్లాకు తెలుసు, డ్రైవరు అష్ఫాక్‌కు తెలుసు. కాగితానికి తెలియదు.

వెంకటముని చింతకాయలు దులపడానికి చెట్టెక్కి, కొమ్మ విరిగి తలకిందులుగా పడ్డాడు. ఆస్పత్రిలో ఏడు రోజులున్నాడు. ఊరు పాకాల దాటి లోపలికి, తంగేళ్ళమిట్ట. ముందు సీట్లో అష్ఫాక్ పక్కన వెంకటముని అన్న కుప్పయ్య కూర్చున్నాడు. వెనక, కాళ్ళ దగ్గర, భార్య చంద్రకాంతమ్మ. నలభై దాటిన మనిషి. ఏడు రోజులుగా కట్టిన చీరే కట్టుకున్నట్టుంది. బండి కదలకముందే స్టెల్లా రూలు ప్రకారం ప్యాడు తీసి అంబులెన్సు కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకుంది. ఎందుకని చంద్రకాంతమ్మ అడగలేదు.

బండి చంద్రగిరి దాటాక ఆమె మొదటిసారి నోరు విప్పింది.

"ఇప్పుడేం రాస్తివి అమ్మణ్ణీ?"

"పల్సూ బీపీ రాసినానక్కా."

"ఏడు దినాలు ఆ గాజు తలుపు కాడ్నే కూసోనుండా. లోపల్నుంచి వొచ్చే ప్రతోళ్ళూ అక్షరాల్లోనే మాట్లాడినారు. జీసీయెస్సంట, సీటీ అంట, ఇంకోటంట. మనిసి ఎట్లుండాడయ్యా అంటే తెలుగులో చెప్పినోడు ఒక్కడు లేడు. నువ్వన్నా చెప్పు."

ఒక చేత్తో సంచి నొక్కుతూ స్టెల్లా రెండో చేతి వేలితో గళ్ళు చూపించింది. ఇది పల్సు, నాడి, ఎనభై ఉంది. ఇది శాట్, రక్తంలో గాలి ఎంత కలుస్తోందో. ఇది ఆర్ఆర్, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో.

"ఎన్ని తీస్తా ఉండాడు?"

"నేను నొక్కేదే గదక్కా. పన్నెండు."

అని చెబుతూ ఉండగానే సంచి ఆమె చేతికి ఎదురు తిరిగింది. ఇంకా నొక్కకముందే కొంచెం లోపలికి పీల్చుకుంది. స్టెల్లా చెయ్యి ఆపి గడియారం చూసింది. వెంకటముని ఛాతీ తనంతట తానే లేచింది. మూడు లెక్కపెట్టేలోపు మళ్ళీ లేచింది.

ఆమె జేబులోంచి చిన్న టార్చి తీసి అతని కనురెప్పలు పైకెత్తి చూసింది. రెండు పాపలూ ఒకే కొలతలో ఉన్నాయి. వెలుగు పడగానే చటుక్కున ముడుచుకున్నాయి. చావబోయే తలకు అట్లా ఉండదు. ఇంటికి చేర్చే ట్రిప్పుల్లో ఆమె ఎత్తి చూసిన కళ్ళన్నీ మట్టి గోలీల్లా ఉండేవి.

స్టెల్లా సీటు కిందినుంచి కవరు లాగి, ఎడమచేత్తో విప్పి, మోకాలి మీద పెట్టుకుని చదివింది. పాపలు సమానం, వెలుగుకు కదులుతున్నాయి అని చెప్పే అక్షరాలు అక్కడా ఉన్నాయి. సొంత ఊపిరి ఉంది అనడానికి ఒక ప్లస్ గుర్తు. స్పృహ లెక్క జీసీఎస్, పెరిగేకొద్దీ మంచిది, చేరినరోజు ఐదు, నిన్నటికి ఎనిమిది. కింద డాక్టరు చేతిరాత. అన్నకు వివరించాము, వెంటిలేటరు ఇంకో వారం కొనసాగించమని సలహా ఇచ్చాము, ఒప్పుకోలేదు. దాని కింద కుప్పయ్య సంతకం. భార్య వేలిముద్ర ఎక్కడా లేదు.

ఈ ఒక్క కాగితం మీద లామా అంటే నిజంగానే లామా.

"అంతసేపు సూస్తివి, ఏముండాది అందులో?" అంది చంద్రకాంతమ్మ.

"ఆస్పత్రి కాగితాలక్కా. మందుల పేర్లు."

పాకాల దగ్గర రైల్వే గేటు వేసి ఉంది. అష్ఫాక్ బండి ఆపాడు. స్టెల్లా అతన్ని వెనక్కి పిలిచి రెండు నిమిషాలు సంచి పట్టుకోమంది. ఆక్సిజన్ చూసి వస్తానని కిందికి దిగి, ముందుకు పోయి కుప్పయ్యను పక్కకు పిలిచింది. మార్చి నెల ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది.

"అన్నా, డాక్టరు ఏం చెప్పినాడు మీకు?"

కుప్పయ్య ఆమె చేతిలో కవరు చూశాడు. అరవై దగ్గరపడిన మనిషి, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"చదివితివా?"

"చదివినా."

"ఇంకో వారం సూడాలన్నాడు. నూటికి ఇరవై బతకొచ్చన్నాడు. బతికినా లేచి నడుస్తాడని చెప్పలేము అన్నాడు. మిగిలిన ఎనబై సంగతేందమ్మా? ఆ ఎనబైలో పోతే వానికి దిక్కేది?"

"అక్కకు చెప్పినారా ఇది?"

"చెప్తే వొప్పుకుంటాదా అది? డాక్టర్లే చేతులెత్తేసినారని చెప్పినా." కుప్పయ్య గొంతు తగ్గించాడు. "మా నాయన వేలూరు నుంచి వొస్తా బస్సులో పోయినాడు. ఊర్లోకి రానీలేదు. చెరుకు తోట గట్టున, గెనిం మీద పండబెట్టినాము. ఈగలు తోలతా రాత్రంతా నేనే ఉండా. మా యమ్మ మొకం గూడా సరింగా సూసుకోలేదు. ఈనాటికీ పెద్దల పండక్కి ఆయప్పకు ఆకు ఇంట్లో ఎయ్యం, వాకిలి బయటే ఏస్తాము. కుక్కకు ఏసినట్టు. నా తమ్మునికి ఆ గతి వొద్దమ్మా. నీకు దండం పెడతా, దానికి చెప్పొద్దు."

స్టెల్లా ఫోన్ తీసి యోగానందకు చేసింది. ఆయన పూర్తిగా వినలేదు.

"మనం డాక్టర్లమా స్టెల్లా? సంతకం పెట్టినోడు ఇంటి మనిషి. దించు, వచ్చేయ్. మధ్యాహ్నం ఇంకో పేషెంటు ఉండాది."

గేటు తెరిచారు. ఆమె వెనక్కి ఎక్కగానే అష్ఫాక్ సంచి అందిస్తూ అన్నాడు. "అక్కా, ఈయప్ప నాతో పందెం కాస్తా ఉండాడు. నేను నొక్కకముందే ఆయనే పీలుస్తాడు." చెప్పి నవ్వబోయి, చంద్రకాంతమ్మ ముఖం చూసి ఆపేసి దిగిపోయాడు.

చెప్పొచ్చు. అప్పుడే చెప్పి ఉండొచ్చు. తొమ్మిది కిలోమీటర్ల దారి ఉంది, బండి నెమ్మదిగానే పోతోంది. స్టెల్లా రెండుసార్లు నోరు తెరిచింది కూడా. మొదటిసారి బండి గుంతలో పడింది. రెండోసారి, నేనెవరు చెప్పడానికి, ఆర్నెల్ల ట్రైనింగు చేసినదాన్ని, పెద్ద డాక్టరే నూటికి ఇరవై అన్నాడు అనుకుంది. అంతలో ఊరొచ్చింది.

నడవలో మంచం వేసి ఉంది. తల దగ్గర దీపం పెట్టారు. ఆడవాళ్ళు గోడ వెంబడి కూర్చుని, ఏడుపు గొంతులో సిద్ధంగా పెట్టుకుని చూస్తున్నారు. నలుగురు మగవాళ్ళు వెంకటమునిని గడప దాటించి మంచం మీద పడుకోబెట్టారు. ఊరి పెద్ద స్టెల్లా వైపు తల ఊపాడు.

ఆమె చేతులు అలవాటు ప్రకారం పని చేశాయి. సిరంజితో గొట్టం చివరి బుడగలో గాలి లాగి, ప్లాస్టరు ఊడదీసి, గొట్టం బయటికి తీసింది. చంద్రకాంతమ్మ ముందుకొచ్చి తులసి నీళ్ళు స్పూనుతో మొగుడి నోట్లో పోసింది. తర్వాత కుప్పయ్య. తర్వాత వదినలు, మరదళ్ళు, పక్కింటివాళ్ళు, వరసైన ప్రతి ఒక్కరూ ఒక్కో స్పూను. స్పృహ లేని మనిషి గొంతులో నీళ్ళు పోయకూడదని స్టెల్లాకు తెలుసు. కాని చావబోయే మనిషికి పోసే నీళ్ళను ఎవరు ఆపుతారు? తొమ్మిదేళ్ళలో ఆమె ఎప్పుడూ ఆపలేదు.

వెంకటముని దగ్గాడు.

పది నిమిషాలైంది. పదిహేనైంది. ఛాతీ లేస్తూ పడుతూనే ఉంది. ఏడుపు మొదలుపెట్టిన ఆడవాళ్ళు ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూల కూర్చున్న ఒక ముసలామె అంది.

"వెంకటముని ఎప్పుడూ ఇంతే గదమ్మా. రమ్మన్న యాలకు రాడు, పొమ్మన్న యాలకు పోడు."

ఇద్దరు ముగ్గురు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంకో గుక్కెడు పోయండి, శాంతంగా పోతాడు అని ఎవరో అన్నారు. ఇంకో స్పూను పోశారు. ఈసారి దగ్గు గట్టిగా వచ్చింది. వెంకటముని కుడిచెయ్యి మెల్లగా లేచి, నోటి మీదికి వచ్చి, కారుతున్న నీళ్ళను తుడవబోయి పక్కకు జారింది.

స్పూను పట్టుకున్న ఆమె దాన్ని కింద పెట్టి వెనక్కి జరిగింది.

స్టెల్లా కాగితం నింపి బయలుదేరాలి. మనిషిని ఇంటివాళ్ళకు అప్పగించాము అని రాస్తే ఆమె పని అయిపోయినట్టే. పెన్ను తీసింది. చంద్రకాంతమ్మ వచ్చి ఆ పెన్ను మీద చెయ్యి వేసింది.

"ఇది పోయే మనిసి యవ్వారమా అమ్మణ్ణీ? నా మొకం సూసి చెప్పు. దావలో టార్చిలైటు ఏసి సూసినావు. ఆ కవరు తీసి సదివినావు. గేటు కాడ మా బావతో మాట్లాడినావు. నేనేం గుడ్డిదాన్నా?"

స్టెల్లా కుప్పయ్య వైపు చూడలేదు.

"డాక్టర్లు పంపలేదక్కా. ఇంకో వారం పెట్టాలన్నారు. వొద్దని మనవాళ్ళే తీసకచ్చినట్టు రాసుండాది."

"మనవాళ్ళంటే?"

కుప్పయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చంద్రకాంతమ్మ అతని దగ్గరకు పోయింది. అరవలేదు.

"నీ తమ్మునికి నువ్వు గోరీ కట్టేదానికి నా చేత నీళ్ళు పోయిస్తివా బావా?"

"చంద్రా, వాడు ఆడ పోయింటే..."

"పోయింటే పోయింటాడు! అడిగితివా నన్ను? నా మొగుడు గదా. ఒక్క మాట అడిగితివా?" స్టెల్లా వైపు తిరిగింది. "ఎత్తండి. మళ్ళా ఆడికే తీసకపోదాం."

అప్పుడు ఊరి పెద్ద కల్పించుకున్నాడు. చెడ్డ మనిషి కాదు, నిదానంగానే చెప్పాడు. "మేయ్ చంద్రకాంతం, ఆలోచించుకో. ఇప్పుడు ఇంట్లో ఉండాడు. పోయినా మర్యాదగా పోతాడు. గడప దాటించి తీసకపోయి, దావలో ఏమన్నా అయితే మళ్ళా ఊర్లోకి తేలేము. ఒకరికి ఒక న్యాయం, ఇంకొకరికి ఒక న్యాయం చెయ్యలేను నేను. కుప్పయ్య నాయనకు చెప్పిందే నీకూ చెప్తాను."

"తెలుసు మామా."

"తెలిసే పోతావా?"

"ఊపిరి తీస్తా ఉండాడు గదా. తీసే మనిసిని కూసోని సూస్తా ఉండమంటావా?"

ఎత్తిన నలుగురూ మొదట మోసుకొచ్చినవాళ్ళే. ఈసారి కుప్పయ్య కూడా వెనకే ఎక్కి, తమ్ముడి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. అతన్ని ఎవరూ రమ్మనలేదు, ఎవరూ దిగమనలేదు.

అష్ఫాక్ సైరన్ వేశాడు. స్టెల్లా మాస్కు పెట్టి ఆక్సిజన్ పూర్తిగా తిప్పింది. గొట్టం మళ్ళీ గొంతులోకి వేయడం ఆమెకు రాదు, అది డాక్టర్ల పని. ఇంటికి చేర్చే ట్రిప్పు అని సగం సిలిండరే తెచ్చారు. అది తిరుపతి దాకా వస్తుందో రాదో. అయినా మొదటి పావుగంట ఆశ ఉండింది. శాట్ తొంభై చూపించింది. చంద్రకాంతమ్మ మొగుడి చెవి దగ్గర వంగి, ఎవరికీ వినపడకుండా ఏదో చెబుతూనే ఉంది. ఒకసారి అతని కనురెప్పలు కదిలాయి. "సూడు, సూడు," అంది కుప్పయ్యతో, కోపం మరిచిపోయి.

పాకాల గేటు దాటాక ఊపిరిలో చప్పుడు మొదలైంది. హుక్కాలో నీళ్ళు కదిలినట్టు. స్టెల్లా మాస్కు తీసి, గొంతులోకి సన్న గొట్టం పెట్టి లాగింది. నీళ్ళూ నురగా వచ్చాయి. ఇంకా లాగింది. తులసాకు ముక్క ఒకటి గొట్టంలో అడ్డం పడింది. దాన్ని గుడ్డలో దాచేసింది. శాట్ ఎనభై అయింది. డెబ్బై రెండు.

"ఎందుకట్ల గురగురమంటాది?"

"ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందక్కా."

"నేను పోసిన నీళ్ళేనా?"

కుప్పయ్య తలెత్తాడు. స్టెల్లా సంచి మాస్కుకు తగిలించి గట్టిగా నొక్కడం మొదలుపెట్టింది.

"కాదు. తలలో దెబ్బకు అట్లయితాది."

నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవడానికీ కాగితంలో ఒక మాట ఉంది. ఆమె దాన్ని రాయలేదు.

పనపాకం ఇంకా రాకముందే నాడి వేలికి అందకుండా పోయింది. అష్ఫాక్ మామిడి తోట పక్కన బండి ఆపి వెనక్కి దూకి వచ్చాడు. అతను సంచి నొక్కాడు, స్టెల్లా గుండె నొక్కింది. ముప్పై సార్లు నొక్కడం, రెండు ఊపిర్లు, మళ్ళీ ముప్పై. వెంకటముని పక్కటెముక ఒకటి ఆమె అరచేతి కింద విరిగింది. అయినా ఆపలేదు. ఇరవై ఐదు నిమిషాలు. చివరికి అష్ఫాక్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలక్కా."

ఒకటీ ఇరవై అయింది. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. అష్ఫాక్ పోయి సైరన్ కట్టేశాడు. కుప్పయ్య తమ్ముడి పాదాలు పట్టుకుని, వాటి మీద తల పెట్టి ఏడ్చాడు. చంద్రకాంతమ్మ ఏడవలేదు. చాలాసేపు మొగుడి ముఖం చూస్తూ కూర్చుంది. తర్వాత కొంగుతో అతని నోటి చుట్టూ ఉన్న నురగ తుడిచింది. గడ్డం కింద, మెడ మడతల్లో కూడా తుడిచింది.

"బండి తిప్పు," అంది.

"యాడికమ్మా?" అన్నాడు అష్ఫాక్.

"ఇంటికి."

అష్ఫాక్ స్టెల్లా వైపు చూశాడు. చంద్రకాంతమ్మ కింద పడి ఉన్న సంచి తీసి స్టెల్లా చేతిలో పెట్టింది.

"నొక్కు."

"అక్కా..."

"నొక్కతా రా. గడప దాటే దాకా."

"చంద్రా, వొద్దే," అన్నాడు కుప్పయ్య తలెత్తి. "వాన్ని ఇట్ల..."

"నువ్వు మాట్లాడొద్దు బావా. నీ మాట ఒకసారి ఇన్నా." స్టెల్లా నుంచి చూపు తిప్పలేదు. "ఇది మీరు చేసే పనే గదా? ఊరూరికీ చేస్తా ఉంటారంట గదా? పొద్దన్నించి సూస్తా ఉండా, నాకు తెలవదా?"

"పల్సు లేని మనిషికి ఉన్నట్టు రాయకూడదక్కా. తప్పు."

"పొద్దన ఉన్నది దాస్తివి. ఇప్పుడు లేనిది రాయి."

స్టెల్లా నొక్కింది.

అష్ఫాక్ బండి తిప్పాడు. లోపల ఎండ, మందుల వాసన, ఐదు లెక్కలకు ఒకసారి రబ్బరు సంచి చేసే చప్పుడు. స్టెల్లా నొక్కిన ప్రతిసారీ వెంకటముని ఛాతీ కొంచెం లేచి పడుతోంది. దూరం నుంచి చూసేవాడు ఊపిరే అనుకుంటాడు. కాగితం చంద్రకాంతమ్మ ఒళ్ళో ఉంది. పది నిమిషాలకు ఒకసారి దాన్ని స్టెల్లా ముందు పెట్టేది. ఈ ప్రయాణమంతా కాగితానికి ఎక్కే దాకా వదిలేలా లేదు.

"రాయి. ఇది నాడి గడి గదా. ఎంత ఏస్తావు?"

"డెబ్బై ఆరు."

"పోయే మనిసికి అంత ఉంటాదా? పొద్దన బాగుండేటప్పుడే ఎనబై అంటివి. తగ్గించు."

స్టెల్లా యాభై రెండు అని రాసింది. ఊపిరి గడిలో ఎనిమిది రాసింది. చంద్రకాంతమ్మ ఆ అంకెలను కాసేపు చూసింది. అంకెలు ఆమెకు తెలుసు. తర్వాతి గీతలో నలభై ఆరు వేయించింది. ఆ తర్వాత నలభై. మొగుడిని మెల్లగా, అంచెలంచెలుగా, నమ్మేటట్టు చంపుతోంది ఆమె. మధ్యలో ఒకసారి మాత్రం పెన్ను ఆపమని చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు గేటు కాడ ఒక్క మాట చెప్పింటే," అంది. "ఒక్క మాట. గొట్టం ఉండంగానే తిరుక్కోని పోయిండేటోళ్ళము."

స్టెల్లా నొక్కుతూ పోయింది. కుప్పయ్య రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

తంగేళ్ళమిట్ట పొలిమేర దగ్గర ఊరి పెద్ద, ఇంకో నలుగురూ వేపచెట్టు నీడలో కూర్చుని ఉన్నారు. సైరన్ లేకుండా బండి రావడం చూసి లేచి దారికి అడ్డంగా నిలబడ్డారు. అష్ఫాక్ ఆపాడు. పెద్దాయన వెనక తలుపు తెరిచి తల లోపలికి పెట్టాడు.

"ఏమాయె?"

"దావలో తగ్గిపోయె మామా," అంది చంద్రకాంతమ్మ. "ఆస్పత్రి దాకా రాడని చెప్పినారు. కొంచెం ఊపిరుండంగానే తిరుక్కోనొచ్చేసినాము."

"ఉండాదా?"

"ఉండాది. కాయితంలో రాసుండాది సూడు."

ఆయన కాగితం తీసుకున్నాడు. చదువు వచ్చిన మనిషే. నాడి అంకెలు వేలు పెట్టి కిందికి చూశాడు. ఆ తర్వాత వెంకటముని పాదాల వైపు చూశాడు. గోళ్ళు నల్లబడి ఉన్నాయి. మెడ కింద చర్మం మచ్చలు మచ్చలుగా మారింది. కుప్పయ్యను చూశాడు. కుప్పయ్య తల ఎత్తలేదు. స్టెల్లా నొక్కుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

పెద్దాయన కాగితం మడిచి చంద్రకాంతమ్మ చేతికిచ్చాడు.

"దావ ఇడవండ్రా," అన్నాడు వెనక ఉన్నవాళ్ళతో.

నడవలో మంచం వేసిన చోటే ఉంది. దీపం కొండెక్కి ఉంటే ఎవరో మళ్ళీ వెలిగించారు. ఈసారి నీళ్ళ గ్లాసు ఎవరూ తీయలేదు. గడప దాటి మంచం మీద పడుకోబెట్టాక చంద్రకాంతమ్మ స్టెల్లా మణికట్టు పట్టుకుంది.

"ఇంక తియ్యి."

స్టెల్లా మాస్కు తీసింది. తర్వాత గోడ వెంబడి ఉన్న ఆడవాళ్ళు గొంతెత్తారు. చంద్రకాంతమ్మ మాత్రం కాగితం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. చివరి గడి ఇంకా ఖాళీగా ఉంది.

"ఇదేంది?"

"టైమక్కా. పోయిన టైము."

"ఇప్పుడెంత?"

"రెండూ నలభై."

"అదే రాయి."

స్టెల్లా వేళ్ళు పెన్ను పట్టుకోలేక రెండుసార్లు జారాయి. మూడోసారి రాసింది. చంద్రకాంతమ్మ ఆ అంకెలు సరిగ్గా పడ్డాయా లేదా అని చూసుకుంది. పై కాగితం చింపి స్టెల్లాకు ఇచ్చి, కింది నకలు మడిచి రవికెలో పెట్టుకుంది.

"ఇంక పో అమ్మణ్ణీ. నీ మొకం నాకు మళ్ళా కనపడగూడదు."

అప్పుడు పోయి మొగుడి తల దగ్గర కూర్చుని, అందరికంటే పెద్దగా ఏడ్చింది.

బయట అష్ఫాక్ బండి తిప్పి పెట్టుకుని ఉన్నాడు. యోగానంద నుంచి ఫోన్ మోగుతూ ఉంటే తీయలేదు. స్టెల్లా ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఆమె కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ తెరవబోతే తెరుచుకోవడం లేదు.